గడ్డి మీద అచ్చు పడని ట్రాక్టర్

భూపాలపల్లి
జూన్ 9

రాంచందర్ బావకు, బామ్మర్ది పోశయ్య రాసేది.

ఈడ మేమంత బాగున్నం. మా అక్క బాగుంటే నువ్వు బాగున్నట్టే లెక్క, గందుకే నిన్ను వేరే అడుగుతలేను.

ఫోన్ చెయ్యక కాయితం రాసిండేంది వీడు అనుకుంటవు. ఒకటి, నలభై ఏండ్లు ఇంజన్ల పక్క కూసోని నీ చెవులు పోయినయి. ఫోన్ల నేను మొత్తుకునుడు ఇని ఈడ ఆడోళ్లు ఏదో లొల్లి అయితుందని ఉరికొస్తున్నరు. రెండోది, నీ మాట నాకు కాయితం మీద కావాలె. బోరు మోటర్ యాదికున్నదా? "పదేండ్లు దాని మొకం సూసే పని లేదు" అన్నవు. ఎనిమిది నెలలకే పొగ లేచింది. అడిగితె "నేను గట్లెప్పుడన్న" అంటివి. ఈసారి రాయి, కింద సంతకం పెట్టు.

సంగతి ఏందంటే, నాకు ట్రాక్టర్ కావాలె. పొలానికి కాదు, లాన్‌కు. నవ్వకు. నేను మాలి మేస్త్రిగ చేసే ఫంక్షన్ గార్డెన్‌ల రెండెకరాల లాన్ ఉన్నది గద. బొగ్గుబాయి పనోళ్ల ఇండ్లల్ల పెండ్లిలన్నీ దాని మీదనే. పదకొండేండ్లాయె నేను దాన్ని సాదవట్టి. పవర్ ప్లాంట్ దిక్కు నుంచి గాలొస్తే గడ్డి మీద బూడిద పడ్తది, పొద్దుగాల్నే పైపు పెట్టి కడుగుత. మా పిల్లలకు కూడ గన్ని స్నానాలు చేపియ్యలే.

ఇప్పటిదాంక యాకమ్మ, వసంత, అనిత, అనిత మేనత్త నలుగురు నూకుడు మిషన్లతోని కోస్తున్నరు. వానకాలంల ఈ మూల కోసే వరకు ఆ మూల మడిమలు మునుగుతయి. ఓనర్ కొడుకు అజిత్ సారుకు యాష్టకొచ్చింది. "పోశయ్యా, చిన్న ట్రాక్టర్ ఒకటి కొందాం. ఏది కొనాల్నో నువ్వే చెప్పు. లాన్ మాత్రం ఖరాబ్ కావద్దు. అయ్యిందనుకో, గడ్డంత పీకిపిచ్చి సిమెంట్ ఇటుకలు పరిపిస్త. ఇటుకలకు నీళ్లు అక్కర్లేదు, మాలి అక్కర్లేదు" అన్నడు. మెల్లగ అన్నడు, నవ్వుకుంట అన్నడు. నాకు గా నవ్వు మీదనే అనుమానం.

అంటే ట్రాక్టర్ తప్పయితే గడ్డి పోతది, నేను పోత, నలుగురు ఆడోళ్లు పోతరు. సరైంది దొరికితే ఆడోళ్లకు పూల మళ్ల పని, ఫంక్షన్ పని ఉంటదన్నడు. యాకమ్మ నమ్ముతలేదు. "మేస్త్రి, మేం నలుగురం మూడు దినాలు చేసేది గది రెండు గంటల్ల చేస్తే, మేం దాని పక్క నిలబడి గాలి ఊపాల్నా?" అన్నది. అప్పటి నుంచి నన్ను చెప్పులెత్తుకపోయినోన్ని సూసినట్టు సూస్తుంది.

నువ్వు ట్రాక్టర్లు విప్పినోనివి. ఏది తెస్తే గడ్డి మీద అచ్చు పడదో ఉన్నది ఉన్నట్టు రాయి. ఎవడన్న దుకాణపోడు నీకు సోపతి ఉంటే ఆ సంగతి కూడ రాయి.

పోశయ్య


జనగామ
జూన్ 17

పోశయ్యా,

నీ ఉత్తరం మీ అక్కకు సదివి ఇనిపిచ్చిన. బోరు మోటర్ కాడికి రాంగనే ఆగమన్నది, గా ముక్క మల్లొకసారి సదవమన్నది, కడుపు పట్టుకొని నవ్వింది. మా ఇంట్ల నీ తరఫు మనిషి ఒకామె ఉన్నది, సంతోషపడు. ఇగ మోటర్ కాలింది నీళ్లు లేని బోరుల నడిపినందుకు. నేను మోటర్ సూసిన గని నీ భూమి లోపలికి దిగి సూడలే.

ట్రాక్టర్ సంగతి ఇను. మొదలు బరువు. పొలంల తిరిగే పెద్దది రెండు టన్నులుంటది. అది మీ లాన్ మీద ఒక్కసారి నడిచిందంటే ఇటుకలు పరిచేటోనికి సగం పని తప్పుతది. నీకు ఏడెనిమిది క్వింటాళ్లకు మించని చిన్నది కావాలె. టైర్లు పండ్లు పండ్లున్నయి వద్దే వద్దు. అవి మట్టిని కరిచి పట్టనీకే చేసినయి, కింద గడ్డి ఉన్నదా గట్టు ఉన్నదా వాటికి తెల్వదు. లాన్‌కు వేరే టైర్లుంటయి, వెడల్పుగ, సాపుగ, జొన్న రొట్టె లెక్క. వాటిల గాలి కూడ తక్కువ పెడ్తరు, బరువు ఒక్క కాడ దిగకుండ పరుసుకుంటది. కోసే కట్టర్ ఎనుక ఏలాడేది కాకుండ పొట్ట కింద ఉన్నది సూడు, కోత సమానం వస్తది. తడి మీద నడపొద్దు. ఉన్నకాడ గిర్రున తిప్పొద్దు, పెద్ద మలుపు తియ్యాలె. ఈ వారం నిలువు కోస్తే పై వారం అడ్డం కొయ్యాలె, ఒకటే తొవ్వల పోతే బండ్ల బాట అయితది.

కొత్తదయితే హైదరాబాద్ పోవాలె. కాకుంటె మానుకోటల జైపాల్ అని పాత ట్రాక్టర్లు కొని అమ్మేటోడు ఉన్నడు. ఆయిన షెడ్డుకు మామిడితోటల నుంచి ఒక చిన్న బండి వచ్చిందని విన్న. సాపు టైర్లు, పొట్ట కింద కట్టర్, ఇంజన్ల ఏ రోగం లేదు. పొయ్యి సూడు. నేను ఒక మాట చెప్పి పెడ్త.

సోపతి అడిగినవు. జైపాల్ మొదట్ల నా షెడ్డులనే డీజిల్ పోసి సామాన్లు కడిగిండు. పని నేర్చుకున్నడు, పోయిండు. గంతే.

సంతకం పెట్టిన. అది సాలకుంటే తాసీల్దార్ ముద్ర నువ్వే ఏపిచ్చుకో.

రాంచందర్


భూపాలపల్లి
జూన్ 25

బావా,

నీ ఉత్తరం అజిత్ సారుకు సూపెట్టిన. రెండుసార్లు సదివి "ఈయిన ఇంజనీరా?" అన్నడు. "కాదు సారు, మా బావ" అన్న. మానుకోట పొయ్యి సూసి రమ్మన్నడు.

ఇగ నా అనుమానం చెప్త. లోపల కాయితం మీద "జనగామ" అని రాసినవు. పైన కవర్ మీద పోస్టాఫీసు ముద్ర "మహబూబాబాద్" అని ఉన్నది, అంటే మన మానుకోట. నల్లగ, సక్కగ పడ్డది. జనగామల రాసిన ఉత్తరం మానుకోటల ఎందుకెక్కింది? నడుమ రెండు గంటల రైలు. జనగామల డబ్బాలు తీసేసిండ్రా?

ఇంకోటి. బండి సంగతి "విన్న" అని రాసినవు. ఊకె విన్నోనికి టైర్లు ఎట్లున్నయి, కట్టర్ యాడున్నది, ఇంజన్ల రోగం ఉన్నదా లేదా అన్నీ ఎట్ల తెలిసినయి? అందునా నీ చెవులకు.

నేను నిన్ను ఏమంటలేను. అడుగుతున్న. వచ్చే గురువారం నేను మానుకోట పోత. నువ్వు కూడ రా. ఇద్దరం కలిసి సూద్దాం.

పోశయ్య


జనగామ
జూన్ 30

పోశయ్యా,

మా పక్కింటాయిన మానుకోట పోతుంటే కవర్ చేతికిచ్చిన, ఈడ ఎయ్యమంటే మర్సిపొయ్యి ఆడ దిగినంక ఏసినట్టున్నడు. నువ్వు గడ్డి కాడ కాదు, పోలీస్ టేషన్‌ల ఉండాల్సినోనివి.

గురువారం నాకు తీరదు. ఒక బండి ఇంజన్ కిందికి దించి పెట్టిన, రైతు నెత్తి మీద కూసున్నడు. నువ్వే పో. దాన్ని నడిపిచ్చి సూడు, అచ్చు పడితే వద్దను.

అయితే నాదీ ఒక అనుమానం ఉన్నది. నా ఉత్తరం మీ సారుకు సూపెట్టుడు ఏంది, నన్ను అడగకుండ? నువ్వు మొదట్లనే సంతకం ఎందుకు కావాలన్నవో ఇప్పుడు సమజయితుంది. రేపు ఏదన్నయితే నా కాయితం ముంగట పెట్టి నువ్వు ఎనుకకు జరుగుదామని. నేను కూడ తక్కువ సదివినోన్నే గని, గంత తక్కువ కాదు.

రాంచందర్


భూపాలపల్లి
జూలై 5

బావా,

పోయిన, వచ్చిన.

హన్మకొండ దాంక బస్సు, వరంగల్‌ల రైలెక్కి మానుకోట దిగిన. జైపాల్ మంచిగనే మాట్లాడిండు. గంత మంచిగ ఎందుకు మాట్లాడుతుండని నాకు భయమయింది. షెడ్డు ఎనుక గరిక పెరిగిన జాగ ఉన్నది, ట్రాక్టర్ ఆడ నడుపుమన్న. చక్రం పోయిన తొవ్వల నేను బోర్ల పండుకొని గడ్డికి చెంప ఆనిచ్చి సూసిన.

"ఏమన్న పడిపోయిందా కాకా?" అన్నడు జైపాల్.

"ఇంక పడలే. పడ్తదేమోనని సూస్తున్న" అన్న.

నిజం చెప్పాలె, అచ్చు పడలే. గడ్డి ఒంగింది, మల్ల లేసింది. రెండుసార్లు, మూడుసార్లు నడిపిచ్చిన. చెప్పులిడిసి కాలితోని తడిమిన. ఏం దొరకలే. మంచిగుందని ఒప్పుకునేటందుకు నాకు కష్టమయింది గని ఒప్పుకున్న.

కని షెడ్డు లోపల మేకుకు ఒక సంచి ఏలాడుతుంది. పచ్చ చీరె గుడ్డ, నీలం అంచు, జిప్పు ఉల్టా కుట్టి ఉన్నది. ఈ భూమ్మీద జిప్పు ఉల్టా కుట్టే మనిషి ఒక్కతే ఉన్నది, ఆమె మా అక్క. "గిది ఎవరిది?" అన్న. "మా ఉస్తాద్‌ది" అన్నడు జైపాల్, అన్నంక నాలిక కర్సుకున్నడు. "పాతది లే కాకా, ఎవరో ఇడిసిపెట్టి పోయిండ్రు" అన్నడు. పాత సంచిల టిఫిన్ డబ్బా ఉన్నది, మూత తీస్తే పప్పుచారు వాసన. పప్పుచారు పాతది కాదు బావా.

నువ్వు జైపాల్‌తోని పొత్తుల ఉన్నవని నాకు అనిపిస్తుంది. ఉంటే ఉండు, నీ బతుకు నీది. కని బామ్మర్దికి బండి అంటగట్టేటప్పుడు "గంతే" అని రాసుడు ఏం మర్యాద?

బండయితే తీసుకుంటున్నం. నాకు సూపెట్టింది ఒకటి, పంపేది ఒకటి కావద్దని సీటు కింద మేకుతోని "పో" అని గీకి వచ్చిన. జైపాల్ సూడలే.

పోశయ్య


జనగామ
జూలై 9

పోశయ్యా,

సంచి ఎప్పుడో పనికి పోయిననాడు మర్సిన. పప్పుచారు వాసన నీ ముక్కుల ఉన్నది, నీకు ఎప్పటికీ ఉంటది.

నేర్పినోన్ని ఉస్తాద్ అనక ఇంకేమంటడు? పొత్తు లేదు, ఏం లేదు. మీ అక్క మీద ఒట్టు. మీ అక్క నా పక్కనే ఉన్నది, ఒట్టెయ్యమని ఆమెనే అన్నది.

బండి పదమూడో తారీకు డీసీఎం లారీ ఎక్కుతది. ఏం ఫికర్ పెట్టుకోకు, ఎక్కిచ్చే ముందు అన్నీ నేనే దగ్గరుండి సూస్కుంట.

రాంచందర్


భూపాలపల్లి
జూలై 21

బావా,

క్షేమం అడగను. ఈడ క్షేమం లేదు.

బండి పద్నాలుగు పొద్దుగాల దిగింది. సీటు కింద సూసిన, "పో" ఉన్నది. సంబురపడ్డ. వాన తెరిపియ్యాలని ఐదు దినాలు ఆగిన. నువ్వు రాసినట్టే చేసిన. ఇనుప చువ్వ భూమిల గుచ్చి సూసి, ఆరిందని నమ్మకమయినంకనే దించిన. అనిత నడిపింది. ఆమెది గంగారం దిక్కు తండా, వాళ్ల బాపు పొలంల ట్రాక్టర్ తోలిన పిల్ల.

మొదటి వరుస పోయి మలుపు తిప్పింది. ఆపి నన్ను పిలిచింది. "మామా, గిది చిన్న బండి లెక్క లేదు. నిండు ట్రాలీ గుంజినట్టు ఎనుక బరువుగ ఊగుతుంది" అన్నది. నేను ఏమన్ననో తెలుసా? "కొత్త బండి గద, చెయ్యి పడేదాంక గట్లనే ఉంటది, పోనీ" అన్న. ఆమె పోనిచ్చింది. నేను ఎనుకకు తిరిగి నిలబడి సారుకు ఫోన్ చేస్తున్న, బండి బ్రహ్మాండంగుందని.

తిరిగి సూసే వరకు లాన్ మీద రెండు గాడులు. ఎనుక చక్రాలు పోయిన కాడల్ల గడ్డి లోపలికి దిగింది, చేతి ఏళ్లు నాలుగు పెడితే మునుగుతున్నయి. మలుపుల కాడ గడ్డి చాప లెక్క చిరిగి మట్టి బయటపడ్డది. ఎనిమిది వరుసలు. పదకొండేండ్ల గడ్డి, బావా.

యాకమ్మ చిరిగిన ముక్కను లేపి మల్ల మట్టి మీద పెట్టి కాలితోని ఒత్తింది. గదే ఎక్కువ బాధయింది.

అజిత్ సారు సాయంత్రం వచ్చిండు. ఒక సిమెంట్ ఇటుక కూడ తెచ్చిండు, ఎర్రది, పువ్వు డిజైనుది. గాడి పక్కన పెట్టి సూసిండు. "ఆగస్టు పదిహేడున పెండ్లి ఉన్నది పోశయ్యా. అప్పటిదాంక ఇది సాపు కాకపోతే, పెండ్లి కాంగనే ఇటుకల లారీ వస్తది. ఎందుకు అయ్యిందో, ఎవరి వల్ల అయ్యిందో నాకు చెప్పాలె" అన్నడు.

మానుకోటల గదే బండి, గదే చక్రాలు, గసోంటి గరిక. ఆడ అచ్చు పడలే, ఈడ గాడి పడ్డది. నడుమ ఏమైంది? ఎక్కిచ్చే ముందు దగ్గరుండి సూసింది నువ్వే అని నువ్వే రాసినవు. జనగామల ఉన్న మనిషి మానుకోటల ఎట్ల దగ్గరుంటడు? ఏం మార్చినవు బావా? ఎవరి కోసం మార్చినవు?

జవాబు రాయకుంటే నేనే వస్త. యాడికి రావాల్నో మాత్రం చెప్పు, జనగామకా, మానుకోటకా?

పోశయ్య


జనగామ
జూలై 26

పోశయ్యా,

రాసేది జనగామల, డబ్బల ఏసేది మానుకోట స్టేషన్‌ల. ఇప్పటిదాంక అన్నీ గట్లనే ఏసిన. పక్కింటాయినకు ఏం తెల్వదు, పాపం.

నా షెడ్డు పోయినేడు మార్చిల బందు వెట్టిన. ఇప్పటి ట్రాక్టర్లల్ల ఏదో డబ్బా ఉంటది, దానికి కంప్యూటర్ పెడితెనే ఏం నొస్తుందో చెప్తది. నేను చెవి పెట్టి చెప్పేటోన్ని, చెవులూ పోయినయి. ఆరు నెలలు ఖాళీగ కూసున్న. జైపాలే వచ్చి "మా కాడ పాత బండ్లే ఉస్తాద్, మీరు రాండ్రి" అన్నడు. పొద్దుగాల రైలుకు పోత, రాత్రి రైలుకు వస్త. నా కాడ సామాన్లు కడిగినోని కాడ నేను జీతానికి ఉన్న. గది నీకు తెలిస్తే ఏమంటవో నేను రైలుల కూసోని దినాం అనుకునేది. నీకంటె మంచిగ నేనే ఎక్కిరిచ్చుకున్న.

నువ్వొచ్చిన గురువారం నేను షెడ్డు ఎనుక ఆయిల్ డ్రమ్ముల నడుమ నిలబడ్డ. నువ్వు బోర్ల పండుకున్నది సూసిన.

ఇగ గాడి సంగతి. నీ ఉత్తరం సదవంగనే నాకు తెలిసింది. ఎనుక చక్రాలల్ల నీళ్లున్నయి. నేనే పోసిన.

మా దిక్కు ఏ ట్రాక్టర్ అమ్మినా ఎనుక టైర్లల్ల ముప్పావు నీళ్లు నింపి పంపుతం. పొలంల జారకుండ, దున్నేటప్పుడు ముందర లేవకుండ. నింపకుంటె రైతు తెల్లారే తిరిగి తెస్తడు. నలభై ఏండ్ల నుంచి బండి షెడ్డు దాటేటప్పుడు నా చెయ్యి చేసే ఆఖరి పని గదే. పన్నెండో తారీకు నీ బండి కడిగిన, తుడిసిన, బోల్టులన్ని బిగిచ్చిన. "బామ్మర్ది బండి" అనుకుంట పైపు పెట్టిన. వేరేటోళ్లకు బోరు నీళ్లు పోస్తం, రిమ్ము తుప్పు పడ్తది. నీకు ఫిల్టర్ నీళ్ల క్యాన్లు తెప్పిచ్చి పోసిన.

మొదలు బరువు సూడు అని నీకు రాసింది నేనే. రాసిన చెయ్యే పోసింది. లాన్ సంగతి గా పూట తలకాయల లేదు, బండి బయలెల్లుతుందనేదే ఉన్నది.

దీనెంబడి ఇంకొక కాయితం పెట్టిన, మీ సారు పేరు మీద. జైపాల్ షెడ్డుల జీతగాన్ని అయిన నేను అడగకుండ నీళ్లు పోసిన, పోశయ్య తప్పు ఏం లేదు అని. సంతకం పెట్టిన. సారుకు ఇయ్యి. సారు జైపాల్‌ను గడ్డి నష్టం అడుగుతడు. జైపాల్ నన్ను ఉంచుకుంటడా పొమ్మంటడా అనేది వాని ఇష్టం. నీ నౌకరి నిలబడాలె, గా ఆడోళ్లది నిలబడాలె.

రాంచందర్

తమ్ముడా, నేను సోమక్కను. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేపిచ్చుకుండు. పప్పుచారు నాదే. పన్నెండు నాడు రాత్రి ఇంటికొచ్చి నీ బండి గురించే మాట్లాడిండు, పిల్లకు పెండ్లి చేసి పంపినోని లెక్క. మనిషిని ఏం అనకు.


భూపాలపల్లి
ఆగస్టు 1

బావా,

నీ ఉత్తరం సదివినంక నాకు మొదలు వచ్చింది జాలి కాదు, అనుమానం. జైపాల్ తప్పు నీ మీద ఏసుకుంటున్నవేమోనని. నువ్వు ఒట్టేసిన ఉత్తరం కూడ నా కాడ ఉన్నది గద.

గందుకే పొయ్యి సూసిన. చక్రం తిప్పి వాల్వు కిందికి తెచ్చి పిన్ను నొక్కిన. నీళ్లు మొకం మీద కొట్టినయి. యాకమ్మ సూసింది. "మేస్త్రి, బండికి పట్టలేనట్టుంది, దూరం జరుగు" అన్నది. పది దినాలల్ల ఆమె నాతోని మాట్లాడిన మొదటి మాట.

జాకీ ఎత్తి రెండు చక్రాలు ఖాళీ చేసినం. బకెట్లు పట్టినం, పద్నాలుగు నిండినయి. రెండు క్వింటాళ్ల ఎక్కువ బరువు నడిచింది నా గడ్డి మీద. నీళ్లు నిజంగనే ఫిల్టర్‌వి, ఆడోళ్లు బకెట్ల నుంచి తాగి సూద్దామా అన్నరు, నేను వద్దన్న. రబ్బరు వాసనొస్తుంది.

అయితే బావా, నేను కూడ ఊర్ల పుట్టినోన్నే. నా చిన్నప్పటి నుంచి ట్రాక్టర్ టైర్లల్ల నీళ్లు పోసుడు సూసిన. ఒక్కసారి చేత్తోని తట్టి సూస్తే తెలిసేది. సీటు కింద గీకిన గుర్తు సూసిన, చక్రం తట్టలే. నువ్వు మోసం చేస్తవని ఎదురుసూసిన గని మర్సిపోతవని అనుకోలే.

గాడుల కాడ పని షురూ చేసినం. ఇనుప చువ్వలు పక్క నుంచి గుచ్చి కిందికెల్లి గడ్డిని మెల్లగ లేపుతున్నం, లోపల ఇసుక, జల్లెడ పట్టిన ఎరువు నింపుతున్నం. చిరిగిన కాడ కొత్త పిలకలు గుచ్చినం. వానకాలం గాబట్టి గరిక బతుకుతుంది. పదిహేడుకు అందుతదో లేదో.

నీ కాయితం నా పెట్టెల ఉన్నది. సారు ఇంక రాలే, వచ్చినంక సూస్త.

పోశయ్య


జనగామ
ఆగస్టు 6

పోశయ్యా,

ఏం సూస్తవు? కాయితం సూపెట్టు. నా కోసం అని దాచిపెడితే నేను ఊకోను. నా ఉత్తరాలు సూపెట్టొద్దని ఆనాడు అన్న, ఈనాడు నేనే అంటున్న, సూపెట్టు. జైపాల్ పొమ్మంటే పోత. యాభై ఎనిమిది ఏండ్లు వచ్చినయి, ఎక్కడన్న సైకిల్ పంచర్లు ఏస్త.

నువ్వు మంచోనివి అనిపిచ్చుకుందామని సూస్తున్నవా అని నాకు అనుమానం.

రాంచందర్


భూపాలపల్లి
ఆగస్టు 19

బావా,

పెండ్లి అయింది. ఇటుకల లారీ రాలే.

సారు పదో తారీకు వచ్చిండు. నేను బండిని లాన్ మూలకు తెచ్చి, ఆయిన ముంగటనే అనితతోని నాలుగు వరుసలు నడిపిచ్చిన. టైర్లల్ల నీళ్లు లేవు, గాలి తక్కువ పెట్టినం. సారు బూట్లు ఇప్పి చేతుల పట్టుకొని నడిచిండు. నడిచి, మల్ల ఎనుకకు నడిచిండు. గాడుల కాడ ఇంక పచ్చబడలే గని కాలికి గుంత తగుల్తలేదు. "మరి ఆనాడు ఏమైంది?" అన్నడు.

"టైర్లల్ల నీళ్లుండె సారు. మా దిక్కు ప్రతి ట్రాక్టర్‌కు పోసే పంపుతరు" అన్న.

"ఎవరు పోసిండ్రు?"

నీ కాయితం అంగి జేబుల ఉన్నది. చెయ్యి దాని మీదికి పోయింది కూడ, అబద్ధం ఎందుకు చెప్పాలె. కని బావా, పోసినోడు లాన్‌ను సూడలే. లాన్‌ను సూసుకునేటోన్ని నేను. నీళ్లున్నయో లేవో సూస్కోవాల్సింది దించుకున్నోడు. ఇంకోటి, అనిత బరువుగుందని చెప్పింది, నేను పోనీ అన్న. ఆ ముక్క నీ కాయితంల లేదు, ఎందుకంటె అది నీది కాదు.

"ఎవరు పోస్తే ఏంది సారు, తట్టి సూడంది నేను. ఈ పిల్ల చెప్పింది, నేను ఇనలే" అన్న.

సారు అనిత దిక్కు సూసిండు. "నిజమేనా?" అన్నడు. ఆమె నా మొకం సూసింది. చెప్పు అన్న. "చెప్పిన సారు" అన్నది, సదువు చెప్పే టీచర్‌కు చెప్పినట్టు మెల్లగ.

పదిహేడు నాడు పన్నెండు వందల మంది లాన్ మీద తిరిగిండ్రు. పెండ్లికొడుకు బావమరుదులు దాని మీద డాన్స్ చేసిండ్రు. గడ్డి ఓర్సుకున్నది. లాన్ ఉంటదని సారు ఓనర్‌కు చెప్పిండట. నలుగురు ఆడోళ్లకు పని ఉన్నది, ఈసారి వాళ్ల పేర్లు రిజిస్టర్‌ల ఎక్కిచ్చిండు, యాకమ్మ దగ్గరుండి సూసుకున్నది. సదువు రాకున్నా తన పేరు కాడ ఏలు పెట్టి మూడుసార్లు సదివిపిచ్చుకున్నది.

నీ కాయితం దీంట్ల పెట్టి తిరిగి పంపుతున్న. చింపెయ్యి. పొద్దుగాల రైలుకు పో, డ్రమ్ముల ఎనుక నిలబడకు. నేను ఎక్కిరియ్యను అని మాత్రం రాసిస్తలేను.

వచ్చే ఆదివారం అక్కను తీసుకొని రా. చెప్పులిడిసి లాన్ మీద నడువు, ఈ చివరి నుంచి ఆ చివరి దాంక. ఎక్కడన్న కాలికి గుంత తగిలితే నాకు చెప్పకు, అనితకు చెప్పు. సారు చెప్పిండు, పదో తారీకు నుంచి మేస్త్రి ఆమెనే. నేను పైపు పడుతున్న.

పోశయ్య